రెండో గరిటె

నా చిన్నప్పుడు బడిలో సర్కారు పెట్టే ఉప్మా ఐదు గరిటెలు తినేవాణ్ణి. ఊళ్లో నన్ను మించిన తిండిపోతు లేడు.

సరే, ఐదు కాదు. అందరిలాగే నాకూ ఒకటే. ఇంట్లో జొన్నరొట్టె తిని వెళ్లేవాణ్ణి కాబట్టి అదీ మిగిలేది. అయినా నా కళ్లన్నీ పక్కన కూర్చున్న దోస్తు మీదే. వంట చేసే ఆయమ్మ వాడికి మాత్రం రెండు గరిటెలు వేసేది. నా కడుపు నిండినా, ఆ రెండో గరిటె చూస్తే ఒళ్లు మండేది.

ఒకరోజు ఆయమ్మతో కొట్లాడాను. ఆమె కోప్పడలేదు. "రేపు ఇంట్ల ఏం తినకుండ రా బిడ్డా, నీకు గూడ రెండేస్త" అంది. మర్నాడు రొట్టె ముట్టకుండా వెళ్లాను. పాఠం చెవికెక్కలేదు, వంటపొయ్యి పొగనే చూస్తూ కూర్చున్నాను. రెండు గరిటెలూ ఊడ్చేసి మళ్లీ గిన్నెలోకి తొంగిచూశాను. "వాడు రోజూ గిట్లనే వస్తడు" అంది ఆయమ్మ.

ఆ దోస్తూ నేనూ ఇప్పుడు అబుదాబి పక్కన బనియాస్‌లో ఒకే గదిలో ఉంటాం. నేను దర్జీని, వాడు ఆఫీసులు ఊడుస్తాడు. మొన్న ఊళ్లో వాడింటికి రెండు పింఛన్లు మొదలయ్యాయి. బీడీలు చుట్టే పెళ్లానికొకటి, మొగుడు పోయిన కోడలికొకటి. ఆ మాట ఫోన్లో వినగానే పాత మంట లేచింది. "మా ఇంటికి సర్కారు గవ్వ గూడ ఇయ్యదు" అని గదంతా చాటాను. మా పొలానికి సర్కారు ఎకరానికింతని వేసే డబ్బు సంగతి ఎత్తితే ఒట్టు. వాడికేమో సెంటు భూమి లేదు. రోజూ ఒకే పళ్లెంలో తినేవాళ్లం, నా అన్నం వేరే పెట్టుకున్నాను. వాడు మాత్రం పళ్లెంలో నా వైపు అన్నం ముట్టకుండా వదిలేసేవాడు.

నిన్న ఆ వదిలేసిన అన్నం చూస్తే ఆయమ్మ గుర్తొచ్చింది. వెళ్లి వాడి ఎదురుగా కూర్చున్నాను. ఇంకొకడికి రెండో గరిటె పడితే, వాడు ఏం తిని వచ్చాడో ముందు చూడాలి. అది ఆమె దగ్గర నేర్చుకున్నదే, ఇప్పటికీ ఆలస్యంగానే గుర్తొస్తుంది. గదిలోవాళ్లకు ఈ కథంతా చెప్పి, "రెండేసి గరిటెలు మింగి గూడ వీడు బక్కగనే ఉన్నడు" అని నవ్వాను.

వాడు ముద్ద కలుపుతూ తలెత్తాడు.

"ఖలాస్, ఆపురా ఇగ. రెండు నేనెన్నడు తిన్న? ఒకటి ఇంటికాడ మా చెల్లెకు. నువ్వు గరిటెనే చూసినవ్, నేను ఆకుల చుట్టుకపోయింది చూడలే."