సారు మప్పిన ఉప్పు

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఫోన్ మోగింది. ఆళ్లగడ్డలో మా సైన్సు సారు పోయారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని ముందే తెలుసు. అయినా నంద్యాల బస్టాండు దాకా నడుస్తుంటే, ఆయన్ని అడగాల్సినవి ఇంకా ఎన్నో మిగిలాయని నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

సారుకు నేర్పడం అనే మాట నచ్చదు. "మప్పడం" అనేవారు. పసిబిడ్డ నాలుకకు సంగటి రుచి మప్పినట్టు పిల్లలకు పాఠం మప్పాలట. సైన్సంటే పారిపోయే నాకు జామాకును ఎండకు పట్టి ఈనెలు చూపించి, అట్లాగే మప్పారు. ఇప్పుడు నేనూ ఆ పాఠాలే చెప్పుకుని బతుకుతున్నాను.

తన జబ్బునూ పాఠంలాగే చెప్పారు. గొంతులోని థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను లాక్కుంటుంది. అందుకే అక్కడ క్యాన్సర్ వస్తే రేడియోధార్మిక అయోడిన్ ఇస్తారు. అది నేరుగా ఆ కణాల్లోకి పోయి చంపుతుంది. ప్రోస్టేట్ కణాలకు ఆ గుణం లేదు. ఆ గుణమిచ్చే జన్యువును ముందు వాటిలోకి పంపి, వెనకే ఆ అయోడిన్ ఇస్తే?

"చేన్లో ఎలకలకు ఏం చేస్తామప్పా? ముందు ఉత్త నూకలు పెట్టి రుచి మప్పుతాం. మందు కలిపేది ఆ తర్వాతనే గదా. ఇదీ అంతే," అని నవ్వారు.

"మనకు దొరుకుతుందా సార్?"

"యాడ దొరుకుతాది? ఇంకా ప్రయోగాల్లోనే ఉండాది. నా వంతుకు రాదులే."

అంత తెలిసిన మనిషి కొన్నాళ్లకు ఇంట్లో అయోడిన్ ఉప్పు మాన్పించారు. ఆ వైద్యానికి ముందు ఒంట్లో అయోడిన్ తగ్గించాలట. ఆయన భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. అమ్మ అంగళ్లన్నీ తిరిగి అయోడిన్ కలపని కల్లుప్పు తెచ్చి, రోట్లో దంచి వండేది. "పిలుపొస్తే తయారుగా ఉండాల గదా," అనేది. ఆ మాట వినలేకపోయేవాణ్ని.

ఒకరోజు ఆమె వంటింట్లోకి వెళ్లగానే అడిగేశాను. "రాదని తెలిసీ అమ్మకెందుకు సార్ ఆశ పెడతారు?"

"ఊరికే కూచోని నా మొగం చూసి ఏడుస్తాండె. ఇప్పుడు చూడు, ఉప్పు దంచుతాండాది," అన్నారు. వంటింటి వైపు ఓసారి చూసి, "నిజం నేనే చెప్తా. నువ్వు తొందరపడొద్దు," అన్నారు.

చెప్పారో లేదో మళ్లీ అడగలేదు.

భూస్థాపన అయ్యి ఇంటికొచ్చాక, ఎవరు వద్దన్నా వినక అమ్మే లేచి నాకు మజ్జిగ కలిపింది. పక్కింటామె ఉప్పు ప్యాకెట్ చింపబోతే ఆపి, కల్లుప్పు డబ్బా అందుకుంది.

"ఇంకా ఆ కల్లుప్పు ఎందుకక్కా?"

"ఆ వైద్యం రాదని పోయిన క్రిస్మస్‌కే చెప్పినాడు ఆయన," అంది అమ్మ. "నేనే మానలేదు. నోటికి మప్పిపోయింది."

మజ్జిగ మెల్లగా తాగాను. గ్లాసు అడుగున కరగని ఉప్పుగల్లు ఒకటి మిగిలింది. దాన్నీ నాలుక మీద వేసుకున్నాను.