కొండెగాడు ఎక్కిన బస్సు

జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కాను. ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగి మా చిన్నాన్న పేరు చెప్పి, "బాగుండాడా పాపా? రేపు ప్రొద్దుటూరు కోర్టులో సాక్ష్యం చెప్పల్లంట గదా. ఏ బస్సుకు పోతాండాడు?" అని నవ్వుతూ అడిగాడు. తెలిసినవాడే కాబోలనుకుని నోరు తెరిచాను. పక్కన కూర్చున్న ముసలామె నా తొడ మీద గట్టిగా గిచ్చింది.

"హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. ఆ పాపకేం తెలుస్తాదప్పా?" అంది అతనితో. ఆమెను నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నేను ఏ హాస్టల్లోనూ లేను.

అతను ముద్దనూరులో దిగాడు. దిగి, నా కిటికీ వైపే చూస్తూ ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"వాడు కొండెగాడు" అంది ఆమె మెల్లగా.

"అంటే చాడీలు చెప్పేవాడా అవ్వా?"

"తేలు తోకలో ముల్లుంటాదే, కొండి, దాన్నుంచే వచ్చిందా మాట అనేది మాయమ్మ. తేలు ముందర పట్టుకుంటాది, కుట్టేది యెనకనుంచి. మా ఆయన ఏ బస్సుకు వస్తాడని ఒకడు ఇట్లే నవ్వుతా అడిగినాడు. చెప్పినాం. బస్సు వచ్చింది. మనిషి రాలేదు."

చిన్నాన్నకు ఫోను చేద్దామంటే, బస్సులో ఇంకెవరు వింటున్నారోనని భయం.

తొండూరు వచ్చింది. ఆమె సంచీ తీసుకుని లేచి, నవ్వుతూ, "నువ్వు యాడ దిగుతావు పాపా?" అంది.

చెప్పబోయి పెదవులు బిగించుకున్నాను. ఆమె నవ్వును చూసినా భయమే వేసింది.

"ఆ, అట్లుండల్ల" అని దిగిపోయింది.