ఒంటికంటి అవ్వకి వకాల్తా

చీరాల నేతపేటలో కోటిలింగానికి ఒకటే జబ్బు. లోకంలో ఎవర్ని ఎవరు తిట్టినా సరే, తిట్లు తినేవాడి తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. ఫీజు లేదు, నల్లకోటు లేదు. తన తరఫున ఒకడు గొంతు చించుకుంటున్నాడన్న సంగతి ఆ కక్షిదారుకీ తెలీదు. తెలిసేదల్లా పక్క మగ్గం చెంచయ్యకే. ఇద్దరి మగ్గాలకీ మధ్య మూరెడు ఎడం కూడా లేదు. లేచి పారిపోదామన్నా కాళ్ళు మగ్గం గుంటలో ఉన్నాయాయె.

ఒకసారి వీధిలో పడుగు నూలు బారుగా సాచి గంజి పట్టిస్తుంటే వాన వచ్చింది.

"దిక్కుమాలిన వాన. ఇప్పుడే రావాలా?" అన్నాడు చెంచయ్య.

"వానని అంటావేంరా. అవతల ప్రత్తిపాడులో పత్తిచేలు నోళ్ళు తెరుచుకుని కూచున్నాయి. అటు పోతూ పోతూ మన మీద నాలుగు చినుకులు రాల్చింది. దారికి అడ్డంగా మనం కూచుంటే అదేం చేస్తుంది పాపం?"

"అయితే పడుగు వంటింట్లో సాచుకోమంటావా?"

"నేనా మాట అన్లేదు. వాన తప్పు లేదన్నాను."

ఇంకోసారి వీధికుక్క చెంచయ్య పిక్క పట్టుకుంది. రక్తం కడిగి కట్టు కట్టింది కోటిలింగమే. కడుతున్నంతసేపూ వాదించింది మాత్రం కుక్క తరఫున. "పిల్లల తల్లిరా అది. నువ్వు పంచె ఎగ్గట్టి విసవిసా వచ్చేసరికి ఎవరో అనుకుంది."

"పిక్క నాదిరా."

"పిక్క నీదే. భయం దానిది."

చెంచయ్య ఇంట్లో భార్య కోటిరత్నం పులుసులో ఉప్పు ఎక్కువేసిందని ఓనాడు కాస్త గొంతు లేచింది. వెంటనే గోడ అవతలి నుంచి కోటిలింగం, "చెల్లెమ్మ చెయ్యి తప్పిందంటే మనసెక్కడో ఉందన్నమాట. ఎందుకుందో అడిగావురా?" అన్నాడు. ఆ రోజు నుంచీ కోటిరత్నం పులుసు కాస్తే గిన్నె ముందు గోడ అవతలికి పోతుంది. మిగిలింది చెంచయ్య కంచంలో పడుతుంది.

అరవైల మొదట్లో ఆ షెడ్డులో చదువొచ్చిన నేతగాళ్ళు ఇద్దరే, కోటిలింగమూ చెంచయ్యా. చెంచయ్య ఏం చదివినా కోర్టు నోటీసు చదివినట్టుంటుంది. కాబట్టి కథలు చదివి వినిపించే పని కోటిలింగానిది. మగ్గాల టకటక మీదుగా గొంతెత్తి అతను చదువుతుంటే, అతని చీర వెనకబడిపోకుండా మిగతావాళ్ళు తలా కాసేపు నేసిపెట్టేవారు. అంకెలే గానీ అక్షరాలు రాని షెడ్డు యజమాని బాపయ్య కూడా లెక్కలు ఆపి, అరుగు మీద చేరగిలబడి వినేవాడు.

ఎన్ని కథలు విన్నా, వాళ్ళ ప్రాణం మాత్రం "ఏడు గవ్వల గుర్రం" అనే పిల్లల నవల. తల్లిలేని అన్నాచెల్లెళ్ళు ఏడు గవ్వలు పేర్చి గుర్రాన్ని చేసి, దానిమీద మబ్బుల్లో తండ్రిని వెతుక్కుంటూ పోతారు. అడవిలో దారి తప్పితే ఒంటికంటి అవ్వ చేరదీసి, గుడిసెలో దాచి, తన కంటి వెలుగులో సగం గుర్రానికి దీపంగా ఇచ్చి పంపుతుంది. ఆ ఘట్టం వచ్చేసరికి మగ్గాలన్నీ ఆగిపోయేవి. నవల అయిపోతే మళ్ళీ మొదలుపెట్టించేవారు. ఆ పుస్తకాన్ని కోటిలింగం పాత పంచెగుడ్డలో చుట్టి గోడ గూట్లో పెట్టేవాడు. గంజి చేతులతో ముట్టుకోవద్దని అందరినీ కసిరేవాడు.

షెడ్డులో రాట్నం మీద నూలు కండెలు చుట్టే అంకమ్మకి కూడా ఒకటే కన్ను. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండోది పోయింది. పొద్దున్నే ఎవరైనా చీరల మూటతో ఊరికి బయల్దేరుతుంటే ఆవిడ తలుపు వెనక నిలబడి, వీధి ఖాళీ అయ్యాక బయటికి వచ్చేది. ఎవరూ పొమ్మన్నది లేదు. ఎదురైతే మొహం చిట్లించేవారు, అంతే. ఆవిడకి అది చాలేది.

నవల వచ్చాక అంతా తిరగబడింది. అంకమ్మ పేటకంతా "మన అవ్వ" అయిపోయింది. పిల్లలు పరీక్షలకి పోతూ ఆవిడ కంటికి కనబడి మరీ వెళ్ళేవారు. బాపయ్యయితే గుంటూరు ప్రయాణమైనప్పుడల్లా గుమ్మంలో నిలబడి, "అంకమ్మని ఒకసారి ఎదురు రమ్మనండర్రా, రైలు పోతుంది" అని కేకలు వేసేవాడు.

అలాంటి రోజుల్లో ఆ నవల సినిమాగా వచ్చింది. బాపయ్య షెడ్డుకి సెలవిచ్చి, అంకమ్మకి తనే టిక్కెట్టు కొని, అందరినీ ఆదివారం మ్యాట్నీకి బయల్దేరదీశాడు. కోటిలింగం మాత్రం పొద్దుటి నుంచీ నసుగుతున్నాడు. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. హాల్లో నల్లులున్నాయన్నాడు. సినిమాలు చూస్తే అవ్వకి తలనొప్పి వస్తుందన్నాడు. కోటిలింగం ఒకదాన్ని తప్పుపట్టడం చెంచయ్య అదే మొదటిసారి వినడం.

హాల్లో గవ్వల గుర్రం ఎగిరితే షెడ్డంతా ఈలలు వేసింది. అవ్వ గుడిసె కనబడగానే అందరూ అంకమ్మ వైపు తిరిగి నవ్వారు. తెర మీది అవ్వ పిల్లల్ని ముద్దుగా లోపలికి పిలిచింది. తలుపు గడియ వేసింది. మెల్లగా ఇటు తిరిగి, ఇంతేసి కోరలు బయటపెట్టింది. చివరికి గవ్వల గుర్రం ఆ ఒంటికంటి రాక్షసిని కొండ మీంచి ఒక్క తాపు తంతే హాలంతా చప్పట్లు కొట్టింది. నేతపేట బెంచీల్లో మాత్రం ఒక్క చెయ్యీ కలవలేదు.

బాపయ్య లేచి నిలబడ్డాడు. "ఒరేయ్ సిలార్, ఆపరా బొమ్మ. మా అవ్వని రాక్షసిని చేస్తార్రా?"

సిలార్ ఆ హాలు మేనేజరు. పరిగెత్తుకొచ్చాడు. "నేనేం చేశానండీ బాపయ్య గారూ, డబ్బాలో వచ్చిన రీలు వేశాను."

కోటిలింగం అప్పటికే బాపయ్య కండువా పట్టుకుని కిందికి లాగుతున్నాడు. "కూచోండి బాబూ. సినిమా అన్నాక మారుస్తారు. వాళ్ళ తప్పేం లేదు."

సినిమా వదిలాక దారి పొడుగునా అదే గొడవ.

"రాసినవాడి కథ వీళ్ళు మార్చడమేంటి?" అన్నాడు బాపయ్య.

"మీ నాన్నగారు నేసిన అంచే మీరు నేయిస్తున్నారా? నూలు అదే, మగ్గం అదే. కట్టుకునేవాళ్ళని బట్టి అంచు మారుస్తాం. కథైనా అంతే గదండీ. వినేవాళ్ళని బట్టి..." అని కోటిలింగం ఎందుకో ఆగిపోయాడు.

"అంచు మార్చమంటే మార్చాలి గానీ చీరని చింపుతారంట్రా?" అన్నాడు చెంచయ్య. వాదనలో ఇంత బాగా మాట కుదరడం అతనికి ఎన్నడూ లేదు.

సందు మొదట్లో, మ్యాట్నీ చూసొస్తున్న పసిపిల్ల ఒకతి అంకమ్మని చూసి తల్లి కొంగు చాటుకి పోయింది. అంకమ్మ మొహం పక్కకి తిప్పుకుని, గోడవారగా నడవడం మొదలుపెట్టింది. వెనకటిలాగే. చెంచయ్య చూశాడు. కోటిలింగమూ చూశాడు.

షెడ్డుకి రాగానే బాపయ్య తీర్పు చెప్పేశాడు. "పుస్తకం తీయండి. ఏ పేజీలో ఏముందో సిలార్‌కి చూపిస్తాను. అవ్వ మంచిదని హాలు ముందు బోర్డు కట్టించందే ఊరుకోను."

"పుస్తకం చెదలు పట్టిందండీ," అన్నాడు కోటిలింగం.

"నిన్నేగా చదివావు?"

"రాత్రికి రాత్రి పట్టింది. చెదల తప్పు కాదనుకోండి, ఆకలి..."

బాపయ్య వినలేదు. గూట్లోంచి పుస్తకం తీసి చెంచయ్య చేతిలో పెట్టాడు. "నువ్వు చదవరా. వీడి మాటంటే నీకు పడదు, కాబట్టి ఉన్నదున్నట్టు చదువుతావు."

చెంచయ్య అడవి ఘట్టం దాకా తిప్పాడు. అక్కడ రెండు కాగితాలు అంటుకుపోయి ఉన్నాయి. గోటితో గీరాడు. మగ్గం గంజి, పొడిపొడిగా ఊడొచ్చింది. లోపల పేజీ నిండా బొమ్మ: ఒంటికంటి ముసలిది, కోరలు, పక్కన కాగుతున్న గంగాళం. కింద అక్షరాలు కూడా అవే చెప్పాయి. సినిమావాళ్ళు పొల్లు కూడా మార్చలేదు. మార్చినవాడు ఎదురుగా నిలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

అన్నేళ్ళ నుంచీ వానతోనూ కుక్కతోనూ పులుసుతోనూ ఓడిపోయిన చెంచయ్యకి, గెలుపు చేతిలోకి వచ్చి కూచుంది. ఉన్నదున్నట్టు చదివితే చాలు. మూల రాట్నం దగ్గర అంకమ్మ తల వంచుకుని కండె చుడుతోంది. కోటిలింగం అతని వంక చూడ్డం లేదు, ఆవిడ వంకే చూస్తున్నాడు.

చెంచయ్య గొంతు సవరించుకుని, కోర్టు నోటీసు గొంతుతోనే చదివాడు. "అప్పుడు ఒంటికంటి అవ్వ బయటికి వచ్చి, రండి నాయనా అని పిలిచి... పిలిచి... వేడివేడి అన్నంలో గోంగూర పచ్చడి కలిపి ముద్దలు పెట్టెను."

"గోంగూరా?" అన్నాడు బాపయ్య. "ఇన్నాళ్ళూ గంజి గదరా పోసింది?"

"గంజి తర్వాత పేజీలో ఉందండీ. ముందు గోంగూర."

"మబ్బుల కథలో గోంగూర ఏంట్రా?"

"రాసినవాడికి ఇష్టమేమో. రాసినవాడి తప్పేముంది పాపం," అనేసి చెంచయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చింది.

బాపయ్యకి కావలసింది దొరికింది. "చూశారా, వాళ్ళే మార్చారు. పదండి, సిలార్ సంగతి చూద్దాం." ఇక చెంచయ్యే గుమ్మానికి అడ్డం నిలబడాల్సి వచ్చింది. సిలార్ తప్పు లేదన్నాడు, వచ్చిన రీలు వేశాడన్నాడు. కోరల తప్పు లేదన్నాడు, అవి పిండితో చేసినవన్నాడు. నూలన్నాడు, అంచన్నాడు. మన కథ మన దగ్గరే ఉంది గదా, వాళ్ళ రీలు వాళ్ళని తిప్పుకోనివ్వండన్నాడు. వాదించీ వాదించీ అతని గొంతు పోయేసరికి బాపయ్య కోపం కూడా పోయింది. కోటిలింగం జన్మలో మొదటిసారి పనిలేని ప్లీడరులా గోడకానుకుని కూచున్నాడు.

మిగతావాళ్ళు వెళ్ళాక అంకమ్మ లేచి చెంచయ్య దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వరా పుస్తకం."

"ఎందుకవ్వా?"

"ఆ కాగితాలు అంటించాలి. కోటిలింగానికి గంజి సరిగ్గా పెట్టడం చేతకాదు. ఎండాకాలమొస్తే ఊడిపోతుంది. ఎన్నాళ్ళ నుంచో నేనే మళ్ళీ మళ్ళీ అంటిస్తున్నాను."

కోటిలింగం గోడ వదిలి లేచి నిలబడ్డాడు.

"చదువు రాదు గానీ బొమ్మ కనబడదంట్రా? ఇంకా ఒక కన్నుందిగా," అంది అంకమ్మ. గిన్నె అడుగున మిగిలిన గంజి వేలితో తీసి కాగితం అంచుకి రాసింది. "అంత కష్టపడి మార్చి చదువుతున్నాడు, పాపం, వాణ్ణెందుకు చిన్నబుచ్చాలని ఊరుకున్నా. ఒరేయ్ చెంచయ్యా, నువ్వు మాత్రం ఇంకెప్పుడూ చదవకు. కంటి వెలుగు ఇచ్చే మాటే మర్చిపోయావు."

"సినిమా చూసి బాధపడ్డావేమో అనుకున్నానవ్వా," అన్నాడు కోటిలింగం మెల్లగా.

"ఆ పసిది కొంగు చాటుకి పోతే కాస్త చివుక్కుమంది. సినిమాకేంరా, ఆ కోరల పిల్ల బాగా చేసింది. దాన్నేమీ అనకండి."

మర్నాడు బాపయ్య గుంటూరుకి బయల్దేరుతూ, చీరల మూటతో గుమ్మంలో నిలబడి, అంకమ్మని ఎదురు రమ్మని కేకేశాడు. ఆవిడ వీధి మధ్యనుంచి నడిచొచ్చి, ఆయన ఎదుట ఆగి, ఉన్న రెండు పళ్ళూ బయటపెట్టి తెర మీది రాక్షసిలా గుర్రుమంది. మూట జారి బాపయ్య కాలి మీద పడింది. షెడ్డు గుమ్మంలో కోటిలింగమూ చెంచయ్యా ఒకేసారి నోరు తెరిచారు.

"అవ్వ తప్పు లేదండీ," అన్నారు ఇద్దరూ.