అవ్వ ఎదురు

డిగ్రీ రెండో సంవత్సరం కాలేజీ తెరిచిన రోజు పొద్దున్నే మా ఇంట్లో పెద్ద కొట్లాట. కొట్లాట నాకూ మా మేనత్తకూ. అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం వెనక గదిలో తలుపు చాటున నిలబడింది.

అప్పటికి మా నాన్న పోయి రెండు నెలలు. బాపు అని పిలిచేదాన్ని. సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. ఎండకాలంలో ఒక మధ్యాహ్నం ఛాతీలో నొప్పి అంటూ సాంచా పక్కనే కూలబడ్డాడు. ఆస్పత్రి దాకా కూడా బతకలేదు. ఆ రోజు నుంచి మంచి పనికి ఎవరైనా బయలుదేరితే అవ్వ లోపలికి వెళ్లిపోయేది. అట్లా చెయ్యమని ఎవరూ ఆమెను కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పకుండానే అందరికీ తెలిసిన సంగతి అది.

అంతకుముందు నేను పదో తరగతి పరీక్షలకు పోయినా, కరీంనగర్‌లో డిగ్రీలో చేరడానికి పోయినా, అవ్వే ఎదురు వచ్చేది. నీళ్ల బిందె చంకన పెట్టుకుని గల్లీ చివర నుంచి ఆమె నడిచి వస్తుంటే, బాపు గడప దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "ఆగు బిడ్డా, మీ అవ్వను రానియ్," అనేవాడు. ఆమె నన్ను దాటాకే నేను కదలాలి. శకునాల మీద నాకేం నమ్మకం లేదు. చుడుతున్న బీడీల చాట పక్కన పెట్టి, మొహం కడుక్కుని, నా ఒక్కదాని కోసం బిందె నింపుకుని వచ్చే ఆ మనిషి మీద ఉంది.

ఈసారి అత్త పక్కింటి చిన్నమ్మను మాట్లాడి పెట్టింది. చిన్నమ్మ మంచి చీర కట్టుకుని, బిందెతో తయారుగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మా అవ్వ ఎదురొస్తేనే పోత. లేకుంటే కాలేజీ లేదు, ఏం లేదు," అన్నాను.

"నోరు ముయ్యి. నీ మంచికే చెప్తున్న. ఏడాది మొదటి దినం, అటిటు ఏమన్నయితే ఎవలను అనాలె?" అంది అత్త.

"ఎవలనంటవ్? మా అవ్వనే అంటవ్! నాకు తెల్వదా?"

అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చెడ్డది కాదు. తోడబుట్టినవాడు పోయి, ఇంకేం పోతుందో అని వణుకుతున్న మనిషి.

అప్పుడు లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. "పో బిడ్డా, బస్సు పోతది. నేను రాను."

అత్త అంటే కొట్లాడొచ్చు, అవ్వే అంటే ఎవరితో కొట్లాడాలి? చిన్నమ్మ బిందెతో ఎదురొచ్చింది. నేను తల వంచుకుని ఆమెను దాటి చరచరా నడిచాను. ఆ కోపంలో మధ్యాహ్నం తిండికి కట్టిన సద్ది గిన్నె ఇంట్లోనే మరిచిపోయాను.

బస్టాండులో కరీంనగర్ బస్సు ఇంకా రాలేదు. నల్లా పక్కన గోడ వైపు మొహం పెట్టి ఒకామె నిలబడి ఉంది. చీరను బట్టి గుర్తుపట్టాను. అవ్వ! వెనక గల్లీలోంచి అడ్డదారిన ఉరికి వచ్చినట్టుంది, ఆయాసానికి భుజాలు ఎగసిపడుతున్నాయి. ఒక చెయ్యి వెనక్కి చాపి ఉంది. ఆ చేతిలో నా సద్ది గిన్నె.

"తీస్కో బిడ్డా. ముంగటికి రాకు, ఎనకనుంచే తీస్కో," అంది, నా అడుగుల చప్పుడు విని.

కన్నతల్లి బిడ్డకు మొహం చూపించడానికి భయపడుతోంది! అందరూ చూస్తున్నా నాకు ఏడుపు ఆగలేదు. గిన్నె అందుకోలేదు. గోడకూ ఆమెకూ మధ్య ఉన్న కాస్త జాగాలోకి దూరి, ఆమె ముందు నిలబడ్డాను. ఆమె గట్టిగా కళ్లు మూసుకుంది.

"నువ్వు ఎదురు రాకుంటే ఏమాయె? నేనే నీకు ఎదురొచ్చిన. కండ్లు తెరువ్ అవ్వా."

తెరిచింది. "ఎంత మొండిదానివే! అచ్చం మీ బాపే," అని ఏడుస్తూనే గిన్నె నా చేతిలో పెట్టి, చున్నీ సరిచేసింది.

బస్సెక్కాక నాకు భయం పట్టుకుంది. ఈ ఏడాది నాకు జ్వరం వచ్చినా, ఒక్క సబ్జెక్టు పోయినా, ఆ నింద అవ్వ నెత్తిన పడుతుంది. ఇంకా ఘోరం, ఆమె కూడా దాన్ని నమ్ముతుంది. తీరా వేములవాడ దాటాక బస్సు టైరు పోయింది. పైన వాన. ఇంకో బస్సు పట్టుకుని, తడిసి ముద్దయి కాలేజీ చేరేసరికి మొదటి క్లాసు అయిపోయింది. రెండో క్లాసులో మేడం, "ఏడాదిని మంచి ఆలోచనతో మొదలుపెట్టండి," అంటే పక్కవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఈ ఏడాది మంచిగా గడవడం తప్ప నాకు వేరే దారి లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అవ్వ గడప దగ్గర బీడీల చాట ముందు పెట్టుకుని కూర్చుంది. కత్తిరించిన తునికాకు కత్తిరించినట్టే ఉంది, ఒక్క బీడీ చుట్టలేదు. పక్కన అత్త.

"ఎట్లయింది బిడ్డా?" అంది అవ్వ.

నా బట్టలు అప్పటికి ఆరిపోయాయి. "మస్తుగయింది. బస్సుల కిటికీ కాడ సీటు దొరికింది. అందరికంటే ముందే పోయిన," అన్నాను. నా జన్మలో అంత మంచి అబద్ధం మళ్లీ ఆడలేదు.

అత్త నా మొహం వైపు చాలాసేపు చూసింది. నా చున్నీ అంచున ఎండిన బురదను చేత్తో దులిపింది.

మర్నాడు పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే గల్లీ చివర అవ్వ కనిపించింది. చంకన నీళ్ల బిందె. నాలుగడుగులు వేసి, గడప దగ్గర నా పక్కనున్న అత్త వైపు చూసి ఆగిపోయింది. నేను గబుక్కున గడప దాటబోయాను. అత్త నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఆగు బిడ్డా, మీ అవ్వను రానియ్," అంది.