అది దేవుడి పాట కాదు

మా పెద్దమ్మ కూతురు మొగుడి దెబ్బలు పడలేక నెల్లిమర్ల నుంచి చీపురుపల్లిలోని పుట్టింటికి వచ్చేసింది. రాజీ చేసి వెనక్కి పంపాలని మా చర్చి సంఘపెద్దలు ఇంటి చుట్టూ తిరిగేవారు. చర్చి క్వయర్‌లో పాడిన గొంతు అక్కది. ఆ రోజుల్లోనే తనే ఒక పాట కట్టి, విజయనగరంలో రికార్డు చేయించి, యూట్యూబ్‌లో పెట్టింది. గడియ తీసి బయటికొచ్చాను, ఇక ఆ గడప తొక్కను అన్నది దాని సారాంశం.

పాట ఊరంతా పాకింది. బడిపిల్లలు పంద్రాగస్టుకి జెండాలు పట్టుకుని దానికి డాన్సు చేశారు. సంఘంవాళ్లు అది పాపపు చెర వదిలిన ఆత్మ పాట అనుకున్నారు. ఎవరు మెచ్చుకున్నా అక్క చెయ్యి అడ్డంగా ఊపి, "అది దేవుడి పాట కాదండి, దేశం పాటా కాదు. నా మొగుడి మీద రాసినాను" అనేది.

"ఎంత తగ్గింపు, ఎంత వినయమమ్మా నీకు," అని నవ్వి వెళ్లిపోయేవారు.

ఒక ఆదివారం పాస్టరుగారు అందరినీ నిలబెట్టి ఆ పాటే పాడించారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది పెద్దమ్మ. బయటికి రాగానే అక్క విసుక్కుంది.

"నీకైనా తెల్దేటమ్మా, ఎవులి మీద రాసినానో?"

"తెల్సునే. పెద్దలందరూ నిలబడి పాడినారు గదా. ఇంక నిన్ను ఎనక్కి ఎల్లమని ఏ నోటితో సెప్తారు?"



"అయితే రెండో చరణం సరిగ్గా పాడమను. అందరూ తప్పే పాడినారు," అంది అక్క.