ఆ రోజు పోశం ఎందుకు లేచాడంటే

పద్నాలుగేళ్లుగా ఒక అబద్ధం నాతో ఉంది. చాలా చిన్నది. 'తనంతట తనే చెప్పిండు' అన్నాను, అంతే. ఆ మాట నమ్మి ఒక మనిషి తన భర్తను తిట్టుకుంటూ బతికింది. పోయిన నెల చనిపోయింది కూడా. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పబోయిన ప్రతిసారీ నోరు రాలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పటికి హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉంది. నాది మంథని. ఆదిలాబాదు జిల్లాలో ఒక బొగ్గుగనుల ఊళ్లో కార్మికులకు చదువు చెప్పేవాణ్ణి. ఊరి పేరు వద్దు. అక్కడొక గనిలో కప్పు కూలి లచ్చయ్య అనే అతను చనిపోయాడు. ఆ షిఫ్టులో ఉండి బయటపడ్డవాళ్లు ఆరుగురు. వాళ్ల గాయాలు మానాయి కానీ గనిలోకి దిగలేకపోయారు. దాని దాకా నడిచివెళ్లి, నిలబడి, వెనక్కి వచ్చేవాళ్లు. ఒకతనికి అన్నం కలుపుకుంటుంటే చేతులు వణికేవి. ఒకతను తలుపు వేసిన గదిలో కూర్చోలేకపోయేవాడు.

అక్కడి డాక్టరు పూనా వైపు మనిషి. ఇది మందులతో పోయేది కాదు, వీళ్లు ఒకరి బాధ ఒకరు వినాలి అన్నాడు. వారానికొకసారి ఆసుపత్రి వెనక గదిలో చాపలు పరిపించి వాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టాడు. బాధ సొంత భాషలోనే బయటికి వస్తుందని, తనకు తెలుగు అంతంతమాత్రమని, ఆ కూటం నడిపే పని నాకు అప్పగించాడు. నేను చేయాల్సినవి తక్కువ, చేయకూడనివి ఎక్కువ. బోధించకూడదు. తప్పొప్పులు తేల్చకూడదు. గదిలో మాట గది దాటకూడదు. ఎవరినీ మాట్లాడమని అడగకూడదు. ఎవరూ మాట్లాడకపోతే ఆ మౌనాన్ని అలాగే ఉండనివ్వాలి. 'అదే అన్నిటికన్నా కష్టం, చూసుకో' అన్నాడు డాక్టరు. నాకది కష్టమెందుకో అప్పుడు అర్థం కాలేదు.

మొదటిరోజు నేను హాజరు పిలవబోయాను. బడి అలవాటు. తలుపు పక్కన కూర్చున్న పోశం చేయెత్తాడు.

"సారూ, జర పేర్లు పెట్టి పిలువకుండ్రి. గని కాడ పేరు పిలిచిండ్రంటె దిగుడే మాకు. పానం ఒద్దన్నా కాళ్లు లేస్తయ్."

మిగతావాళ్లు అవునన్నారు. అప్పటినుంచి ఆ గదిలో నేనెవరి పేరూ పిలవలేదు. మాట్లాడాలనుకున్నవాడు గొంతు సవరించుకునేవాడు. మిగతావాళ్లు అటు తిరిగేవాళ్లు. అదే మా పద్ధతి. లచ్చయ్య తమ్ముడు ఓదెలు కూడా ఆ ఆరుగురిలో ఒకడు. అన్న కోసం ఏడవడం, ఏడుస్తూనే నవ్వించడం అతనికి చేతనయ్యేది. "పోశన్న గొంతుల పిల్లి సొచ్చినట్టున్నది, ఎన్నడు సవరిస్తడో" అనేవాడు. పోశం నవ్వి బీడీ అందించేవాడు. అంతకుమించి నోరు విప్పేవాడు కాదు.

నెలలు గడిచాయి. చేతులు వణికే అతను వణకడం తగ్గింది. ఇద్దరు గని బయట పైపనికి వెళ్లడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం కూటం అయ్యాక పోశం నాతో నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు.

గనిలో కప్పు కింద పని మొదలుపెట్టే ముందు ఒకరు కర్రతో కప్పును తట్టి వింటారు. గట్టిగా పలికితే పని. డొల్లగా పలికితే అందరూ వెనక్కి రావాలి. ఆ రోజు తట్టింది పోశం.

"డొల్లగనే పలికింది సారూ. నా చెవులతోని విన్న. లచ్చన్న 'ఎట్లున్నదిరా' అని అడిగిండు. ఇగ ఒక్క టబ్బు బొగ్గు నింపితె షిఫ్టు ఒడుస్తది గదా అనుకున్న. 'బాగనే ఉన్నది పో' అన్న."

ఎవరికైనా చెప్పావా అని అడిగాను. ఇంటిదానికి కూడా చెప్పలేదన్నాడు.

"నా దగ్గర్నే ఉంటది" అన్నాను. "చెప్పబుద్ధయిన దినం నువ్వే చెప్పు. నేనైతె అడుగ."

"మాటేనా సారూ?"

"మాటే."

నిజంగానే ఆ మాట ఇచ్చాను. ఆ క్షణంలో నాలో అబద్ధం లేదు. కానీ ఇంకేదో ఉంది. ఇంటికి నడుస్తున్నప్పుడు నా ఛాతీ కొంచెం పొంగింది. ఆరుగురిలో అందరికన్నా గట్టిగా నోరు మూసుకున్నవాడు నాకు చెప్పాడు. నాకే చెప్పాడు. ఒకడి బాధ వింటూ గర్వపడే మనిషిని ఆ చాపమీద కూర్చోబెట్టవచ్చా? ఆ ప్రశ్న అప్పుడే వేసుకుని ఉండాల్సింది.

కొన్ని వారాల తర్వాత హైదరాబాదు నుంచి ఒక అధికారి వచ్చాడు. ఈ కూర్చోబెట్టడాల వల్ల ఉపయోగం ఉందో లేదో చూసి రాసుకుపోతాడట. ఆయనకు తెలుగు రాదు, నేను ఉర్దూలో చెప్పాలి. మూలన కుర్చీ వేయించాం. అంతలో వార్డులో ఎవరికో నెత్తురు పడుతోందని డాక్టరును పిలుచుకుపోయారు. గదిలో అధికారి, నేను, ఆరుగురు మిగిలాం.

ఎవరూ గొంతు సవరించుకోలేదు. బూట్లు వేసుకున్న పెద్దమనిషి ముందు వాళ్లెలా మాట్లాడతారు? ఉండనివ్వాల్సింది. కూటం అంతా చాపను చూస్తూ గడిచిపోయినా ఏమయ్యేది? మహా అయితే ఆయన ఉపయోగం లేదని రాసుకునేవాడు. నేను ఆయన కలం వైపు చూశాను. అది కదలడం లేదు. నా పది నెలల పని ఆ తెల్లకాగితం మీద ఏమీ కాకుండా పోతోందనిపించింది.

"పోశం" అన్నాను. "ఆ దినం నాతోని చెప్పింది చెప్పు."

అతను లేచాడు. అందరూ కూర్చుని మాట్లాడే గదిలో లేచి నిలబడ్డాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తనే తప్పు విన్నాడా అన్నట్టు చూశాడు. తర్వాత చెప్పాడు. కర్ర, డొల్ల చప్పుడు, లచ్చయ్య అడగడం, ఒక్క టబ్బు. మొత్తం నాలుగు మాటల్లో అయిపోయింది.

ఓదెలు అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"మా అన్న నిన్ను అడిగిండా?"

"అడిగిండు."

"దినాలకు వస్తివి గదనే పోశన్నా. మా అవ్వ నీ పక్కన కూసోని, బతికొచ్చినవు బిడ్డా అని బువ్వ పెట్టింది. ఎట్ల దిగిందే నీకు?"

ఓదెలు వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లారు. తలుపు పక్కనున్న పోశాన్ని తాకకుండా పక్కకు ఒదిగి వెళ్లడం చూశాను. ఆఖరున అతనూ వెళ్లాడు. నేను వెంట వెళ్లలేదు. ఎందుకంటే అధికారి ఏమైందని అడుగుతున్నాడు. మనసులో బరువు దించుకున్నాడని ఉర్దూలో చెప్పాను. 'బహుత్ ఖూబ్' అని మెచ్చుకుని ఆయన రాసుకున్నాడు. అప్పుడు నాకు సంతోషమైంది. దీన్ని మీకు చెప్పకుండా దాటవేయాలని చూశాను. కుదరలేదు.

నాలుగో రోజున పోశం తన ప్రాణం తనే తీసుకున్నాడు. కబురు విన్నప్పుడు నల్లబల్ల మీద అక్షరాలు రాస్తున్నాను. ఆ వరస పూర్తిచేసి, సుద్దముక్క కింద పెట్టి, మళ్లీ తీసుకుని ఇంకో వరస రాశానని తర్వాత ఎవరో చెప్పారు. నాకు గుర్తులేదు.

డాక్టరు అడిగింది ఒకటే. "తనే లేచాడా?" తనే లేచాడన్నాను. అలాగైతే తప్పు ఈ పద్ధతిదే అన్నాడు. మరుసటి వారం నుంచి చాపలు పరవలేదు. వణుకు తగ్గిన అతనికి మళ్లీ మొదలైంది. డాక్టరు తన పద్ధతే మనిషిని చంపిందని నమ్మి ఆ ఊరు విడిచివెళ్లాడు. నేను పిలవడం విన్నవాళ్లు ఐదుగురున్నారు. వాళ్లను ఎవరూ ఏమీ అడగలేదు.

పోశం భార్య రాజవ్వ మాత్రం నన్నడిగింది. మూడోనాడు, ఐదేళ్లు నిండబోయే కూతురు కనకమ్మను ఒళ్లో పెట్టుకుని.

"గిన్ని నెలలు కడుపుల పెట్టుకున్నడు. నాకు సుత చెప్పలే. గా దినమే ఎందుకు నోరిప్పిండు సారూ? ఎవలన్న అడిగిండ్రా?"

"లేదు చెల్లె. తనంతట తనే చెప్పిండు."

ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"అంటె పోదామనుకునే చెప్పిండన్నట్టు. మమ్ముల ఇడిసిపెట్టుడు ముందుగాల్నే అనుకున్నడు."

కాదనడానికి అప్పుడు ఒక్క మాట చాలు. నేను తల వంచుకున్నాను.

రాజవ్వ కూతుర్ని తీసుకుని హుజూరాబాద్ దగ్గరి తల్లిగారి ఊరికి వెళ్లిపోయింది. పోయిన నెల ఆమె దినాలకు వెళ్లాను. కనకమ్మ ఒక బిడ్డ తల్లి. "మా పిలగానికి బాపు పేరు పెడ్తనంటె అవ్వ ఒద్దన్నది సారూ. ఇడిసిపోయినోని పేరు మనకెందుకన్నది" అని తల్లి మాటగా చెప్పింది. ఆ పిల్లవాడు నా పక్కనే పాకుతున్నాడు. అప్పుడు కూడా నేను చెప్పలేదు. విస్తరి ముందు కూర్చుని తిన్నాను. ఓదెలు అడిగిన మాట గుర్తొచ్చింది. అయినా తిన్నాను.

నేనెవరిని కాపాడుతున్నాను? ఉద్యోగం పోయి చాలాకాలమైంది. అధికారి రాసుకున్న కాగితం ఏ చెదలకో పోయి ఉంటుంది. నన్ను గౌరవంగా సారూ అని పిలిచే ఒక పిల్ల గొంతు తప్ప నాకు పోయేదేమీ లేదు. ఆ గొంతు కోసమే అయ్యుంటుంది.

ఈ కాగితాలు రెండు ప్రతులు రాశాను. ఒకటి మీకు. రెండోది పొద్దున కనకమ్మకు పోస్టు చేసి వచ్చాను. ఆమె ఏం చేస్తుందో తెలియదు. మళ్లీ గడప తొక్కనివ్వకపోతే అది న్యాయమే. క్షమించమని రాయలేదు. ఆమె ప్రతిలో చివర ఒక విషయం రాశాను. ఇన్నేళ్లూ అదీ దాచాను. అది చెబితే మరి ఎందుకు నోరిప్పాడని రాజవ్వ మళ్లీ అడిగేది.

ఆ రోజు అధికారి వస్తున్నాడని నేను తొందరగా నడుస్తుంటే పోశం దారిలో కలిశాడు. ఆడపిల్లల్ని ఏ వయసుకు బడిలో చేర్చుకుంటారని అడిగాడు. ఐదేళ్లు నిండితే చాలన్నాను.

"గట్లయితె వచ్చే నెల తోలుకొస్త సారూ. నేనే తోలుకొస్త. వాళ్లవ్వ తోలుకొస్తె ఏడుస్తది బిడ్డ."