నూట యాభై ఒకటో రోజు

ఫిబ్రవరి పందొమ్మిదిన తల మీద కుచ్చున్న పిట్ట వచ్చింది. ఇరవై నాలుగున, మా గేటుకి నలభై రెండు అడుగుల దూరంలో ఉన్న బొరియలోంచి దబ్బ్ తల బయట పెట్టింది. దబ్బ్ అంటే ఉడుమంత ఉండే ఎడారి జీవి, తోక నిండా ముళ్ళే. శీతాకాలమంతా ఇసుకలో పడుకుని, ఎండ వెచ్చబడ్డాక ఒళ్ళు విరుచుకుంటూ లేస్తుంది. ఇరవై ఏడు పొద్దున నేను తలుపు తీసేసరికి కంచె అవతల నేలంతా పచ్చగా, ఆ పచ్చదనం మీద పసుపుపూలు. ముందురోజు సాయంత్రం ఎన్ని పూసాయో లెక్కపెట్టి రాశాను, ముప్పై ఆరు. ఆ పొద్దున లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండు వందల దగ్గర ఆపేశాను. లెక్క వదిలిపెట్టడం నాకు అలవాటు లేదు. అయినా ఆ రోజు వదిలేశాను.

నేను గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని. కువైట్‌లో దిగి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు. మొదటి ఇరవై ఏడేళ్ళూ జాబ్రియాలో మూడంతస్తుల ఇంట్లో పనిచేశాను. ఆ ఇంటి యజమానురాలిని మామా అని పిలుస్తాను, ఇక్కడ ఇళ్ళలో పనిచేసే మేమంతా అలాగే పిలుస్తాం. మోకాళ్ళు మెట్లెక్కనివ్వని రోజు వచ్చాక, ఇంటికి పంపించెయ్యకుండా, మామా నన్ను కబ్ద్ ఎడారిలో ఉన్న తమ జాఖూర్‌కి పంపింది. చుట్టూ కంచె, రేకుల పాక, నీళ్ళ ట్యాంకు, కోళ్ళగూడు, రెండు గదులు. అదే జాఖూర్. అక్కడ పదకొండు గొర్రెలు, ఏడు మేకలు, పందొమ్మిది కోళ్ళు. మెట్లు లేవు.

జంతువులని చూసే మనిషి రాయచోటి వాడు, సాయిబు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటాడు. అతనికి మేకల గురించి తెలియనిది లేదు, కాగితం మీద మాత్రం ఒక్క ముక్క రాయడు. నేను అన్నీ రాస్తాను. ఏ కోడి ఏ రోజు పొదిగిందో, ఏ గొర్రె ఎన్నింటికి ఈనిందో, కొత్తగా ఏ పిట్ట కనిపించిందో, అన్నీ నా నోటుబుక్కులో ఉంటాయి.

ఆ ఏడు మేకల్లో ఒకటి శామీ మేక. జానెడు చెవులు, చిలకముక్కులాంటి ముక్కు, గోధుమరంగు. మామా వాళ్ళ అమ్మ బతికుండగా పెంచిన మందలో మిగిలింది అదొక్కటే. తొమ్మిదేళ్ళది. అప్పటికి నాలుగు ఈతలు ఈనింది, నాలుగు సార్లూ పోతుపిల్లలే. ఇప్పుడు ఐదో చూలు. దీని తర్వాత ఇక దాన్ని కట్టించవద్దని పశువుల డాక్టరు చెప్పాడు. అంటే ఈ ఐదో ఈతలో ఆడపిల్ల పుడితేనే ఆ తల్లిగారి మంద నిలుస్తుంది, లేకపోతే అంతటితో ఆగిపోతుంది. ఈ సంగతి మామా నాతో ఫోన్‌లో వారానికి రెండుసార్లు చెప్పేది, మొదటిసారి చెప్తున్నట్టే.

మేకకి చూలు నూట యాభై రోజులు. అది పోతుతో కలిసింది అక్టోబరు మూడున. అక్టోబరులో మిగిలినవి ఇరవై ఎనిమిది, నవంబరు ముప్పై, డిసెంబరు ముప్పై ఒకటి, జనవరి ముప్పై ఒకటి, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, మొత్తం నూట నలభై ఎనిమిది. కాబట్టి మార్చి రెండు, గురువారం. ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి రాయచోటి తమ్ముడికి చూపించాను. అతను నోటుబుక్కు వైపు చూడలేదు. మేక తోక మొదట్లో వేళ్ళతో నొక్కి, పొదుగు కింద అరచెయ్యి పెట్టి, "జుమ్మా నాడు ఈనుతాదిలే అక్కా," అన్నాడు, అంటే శుక్రవారం.

"రెండో తారీకు గురువారం. నేను లెక్కేసి రాసేను."

"మేక నీ బుక్కు సదవదు గదక్కా."

గురువారం వచ్చింది, వెళ్ళింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మేక పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను. అది నెమరువేస్తూ నన్ను చూసింది. తమ్ముడు అటు వెళ్ళినప్పుడొకసారి, ఇటు వచ్చినప్పుడొకసారి దగ్గాడు.

మర్నాడు శుక్రవారం, నూట యాభై ఒకటో రోజు, పొద్దున తొమ్మిదీ నలభైకి ఈనింది. మొదట పోతుపిల్ల. ముందుకాళ్ళు, వాటి మీద మూతి, నీటిలోకి దూకుతున్నట్టు బయటికొచ్చేసింది. నా ప్రాణం ఉసూరుమంది. తల్లి దాన్ని నాకడం మొదలుపెట్టింది. తొమ్మిదీ యాభై రెండుకి ఇంకొకటి. చిన్నది, కదలడం లేదు. తమ్ముడు గడ్డిపోచతో దాని ముక్కులో గిలిగింతలు పెట్టాడు. తుమ్మింది. వెనక కాళ్ళు ఎత్తి చూసి అతను ఇసుకలో అలాగే కూలబడిపోయాడు.

"పెంటి అక్కా. పెంటిపిల్ల."

ఆడపిల్లే. నేను ఏడుస్తూ గడియారం చూశాను. రాయాలి కదా. పోతుపిల్ల రెండు కిలోల తొమ్మిది వందలు, పెంటిపిల్ల కిలో ఎనిమిది వందల యాభై. మామాకి ఫోన్ చేశాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక బయలుదేరుతున్నాం, ఒంటి గంటన్నరకల్లా అక్కడుంటాం అని చెప్పింది. తమ్ముడు మిగతా మందకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆ పిల్ల ఒంటినిండా పసుపుపచ్చ జిగురు, ఇసుక, గడ్డి. తల్లి ఇంకా పోతుపిల్లనే నాకుతోంది. ఇరవై ఏడేళ్ళు నేను ఆ ఇంట్లో చేసిన పని ఒక్కటే, ఎవరైనా వస్తున్నారంటే దేన్నయినా తోమి, కడిగి, తుడిచి చూపించడం. నాలుగేళ్ళుగా మామా ఎదురుచూసిన పిల్ల ఇలా జిగురుగా కనపడితే నాకే నామర్దా అనిపించింది. నీళ్ళు వేడిచేశాను. మోచెయ్యి పెట్టి వేడి చూశాను. గదిలో మామా మనవల కోసం ఉంచిన చంటిపిల్లల సబ్బు ఉంది. చెవుల వెనక, గిట్టల సందుల్లో, అంతా శుభ్రంగా కడిగి, మెత్తటి తువ్వాలుతో తుడిచి, ఎండలో ఆరబెట్టాను. దువ్వాను కూడా. అది వెండిలా మెరిసింది. పదీ నలభైకి తల్లి దగ్గర దింపాను.

తల్లి మూతి చాపి వాసన చూసింది. వెనక్కి ఒక అడుగు వేసింది. ఇంకోసారి వాసన చూసి, తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల రెండు పల్టీలు కొట్టింది.

మళ్ళీ లేపి పెట్టాను. మళ్ళీ కుమ్మింది. మూడోసారి పెట్టేసరికి తమ్ముడు వచ్చాడు. పిల్లని ఎత్తుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నీళ్ళు పోసినావా అక్కా?"

"మామా వాళ్ళొచ్చేత్తన్నారు కదా. మురికి పిల్లనెలా చూపిత్తాం?"

"సబ్బు కూడానా."

"చంటిపిల్లల సబ్బే. కళ్ళు మండవు."

అతను కోపంగా ఒక్క మాట అనలేదు. దాంతో నాకు ఇంకా భయమేసింది. పిల్ల ఒంటి మీద ఉన్న జిగురే తల్లికి గుర్తని, నాకుతూ ఆ వాసన లోపలికి తీసుకుంటేనే ఇది నాది అనుకుంటుందని, అది కడిగేస్తే తల్లి ముందు ఎవరో పరాయిపిల్ల నిలబడ్డట్టేనని నెమ్మదిగా చెప్పాడు. తర్వాత, "తల్లికి బిడ్డ లేకుండా చేస్తివి గదక్కా," అన్నాడు.

ఇక పరుగులే. పోతుపిల్ల ఒంటి మీది తడిని తీసి దీనికి రుద్దాడు. అప్పుడే పడిన మాయని నీళ్ళలో పిండి ఆ నీళ్ళు పూశాడు. ఉప్పు చల్లాడు, ఉప్పుకోసమైనా నాకుతుందని. మేక ఉప్పుని నాకి, తర్వాత పిల్లని కుమ్మింది. సబ్బు వాసన ఏం చేసినా పోలేదు. మంచి సబ్బు అది. పదకొండున్నరకి నేను ముర్రుపాలు పిండి, మామా మనవడి పాత పాలసీసాలో నలభై ఐదు మిల్లీలీటర్లు పట్టాను. తాగింది.

ఒంటి గంటా ఇరవైకి మామా వచ్చింది, పెద్దకొడుకుతో. ఆవిడ కారు దిగకముందే నేను చెప్పేశాను. తప్పు నాది, సబ్బు నాది, టైము పదీ పది నుంచి పదీ ముప్పై. మామా పిల్లని ఒళ్ళో పెట్టుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అరబీలో అంది: "నా ముగ్గుర్నీ పుట్టిన రోజున ఇదే సబ్బుతో నువ్వే కడిగావు. నేను వాళ్ళని తన్నలేదు కదా."

కొడుకు పగలబడి నవ్వాడు. తమ్ముడు అటు తిరిగి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కానీ కొడుకు నవ్వు ఆపి ఒక షరతు పెట్టాడు. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలే. ఆదివారం సాయంత్రం ఆఫీసు అయ్యాక వస్తానని, అప్పటికి తల్లి చేర్చుకోకపోతే పిల్లని జాబ్రియాకి తీసుకెళ్ళి ఇంట్లో సీసాపాలతో పెంచుతానని చెప్పాడు. మామా ఒప్పుకోలేదు, కాదనలేదు. అతను కారు దగ్గరికి వెళ్ళాక తమ్ముడు నాతో చెప్పాడు, ఇంట్లో పెరిగిన మేక మళ్ళీ మందలో కలవదని, కలిసినా మేత తెలియదని, తన మేకపిల్లలు రెండు అట్లాగే పోయాయని.

శుక్రవారం పదకొండున్నర నుంచి మూడు గంటలకొకసారి. ప్రతిసారీ ముందు తల్లి దగ్గర పెట్టడం, అది కుమ్మడం, నేను సీసా పట్టడం. తమ్ముడు మేకని పట్టుకుంటే పిల్ల పొదుగు దగ్గరికి వెళ్ళగలిగేది, వదిలితే తన్నేది. శనివారం రాత్రికి కుమ్మడం కొంచెం మెత్తబడిందని నాకనిపించింది. కుమ్ములు లెక్కపెట్టాను: శుక్రవారం పదకొండు, శనివారం తొమ్మిది. తమ్ముడికి చెప్పాను. ఆ లెక్కన బుధవారానికి ఒప్పుకుంటుందేమోనన్నాడు. బుధవారం దాకా మాకు లేదు.

మధ్యలో ఆ ఎడారి ఎంత పండగ చేసుకుంటోందో చెప్పాలి. శనివారం నీళ్ళతొట్టి వెనక చిన్న పిట్ట గూడులో నాలుగు గుడ్లు చూశాను. గడ్డికట్ట ఎత్తితే కింద ముళ్ళపంది, బంతిలా ముడుచుకుని. తమ్ముడు నేల పగుళ్ళు చూసి, వేలితో తవ్వి, బంగాళాదుంపల్లాంటి ఫగా అనే పుట్టగొడుగులు తీశాడు. వానలు బాగా పడిన ఏడే అవి నేలలోపల ఊరతాయి. మూడు కిలోల నాలుగు వందలు. ఇవన్నీ రాస్తూనే ఉన్నాను, ఒక చెవి మేకపాక వైపు పెట్టి.

ఆదివారం రెండున్నరకి పద్దెనిమిదో సీసా. మొత్తం ఎనిమిది వందల పది మిల్లీలీటర్లు. పిల్ల కిలో తొమ్మిది వందల పది. బతుకుతుంది, కానీ ఎవరి దగ్గర?

నాలుగూ పదికి కొడుకు వచ్చాడు. ఒక చేత్తో అట్టపెట్టె, లోపల దుప్పటి పరిచి ఉంది. వెనక సీట్లో అతని వేటకుక్క, సన్నగా, పొడుగుకాళ్ళతో. ఆ కుక్కని తీసుకురమ్మని ఫోన్ చేసింది తమ్ముడేనట. నాకు చెప్పలేదు.

"రెండు పిల్లల్నీ మూలకి పెట్టు అక్కా. తల్లిని వదిలేయ్. నువ్వు బయటికి రా."

"కుక్కనా? నీకు మతి పోయిందా?"

"యల్లా, పదక్కా. పట్టుకుంటా గట్టిగా."

బయటికి వచ్చాను. తమ్ముడు గొలుసుని చేతికి రెండు చుట్లు చుట్టుకుని, కుక్కని కంచె దాకా నడిపించాడు. అది మొరగలేదు. చెవులు నిక్కించి, మూతి కంచె సందులో పెట్టి, లోపలికి చూసింది.

మేక ఆగిపోయింది. నెమరు ఆగింది. ముందుకాలు ఒకసారి నేలకేసి కొట్టింది, ముక్కుతో ఊదింది. కుక్క ఇంకో అడుగు వేసింది. మేక తొమ్మిదేళ్ళ ముసలిది, మోకాళ్ళు నావి ఎలాంటివో దానివీ అలాంటివే. ఎలా తిరిగిందో నేను చూడలేదు, కుక్కకీ పిల్లలకీ మధ్య అడ్డంగా నిలబడిపోయింది. పోతుపిల్ల దాని ఎడమవైపు. పెంటిపిల్ల భయపడి పొట్ట కిందికి దూరింది. మేక తల దించింది. నేను కళ్ళు మూసుకోబోయి మూసుకోలేదు. అది కుమ్మలేదు. పిల్లని మెడతో వెనక్కి, ఇంకా లోపలికి తోసుకుంది. కుక్క వైపు మళ్ళీ కాలు కొట్టింది.

తమ్ముడు కుక్కని వెనక్కి లాగి కారులో ఎక్కించాడు. మేక తిరిగి రెండు పిల్లల్నీ వాసన చూసింది, ఒక్కొక్కదాన్నీ, తోక దగ్గర. పెంటిపిల్ల పొదుగు వెతుక్కుంది. కాలు ఎత్తుతుందని చూశాను. ఎత్తలేదు. పిల్ల తోక టపటపా ఆడింది. నేను గడియారం పట్టుకున్నాను. యాభై రెండు సెకన్లు తాగింది. ఇంతలో మేక వంగి దాని వీపు నాకింది, ఒకసారి, తర్వాత ఆగకుండా.

"నీ సబ్బు కూడా నాకేస్తాండాది," అన్నాడు తమ్ముడు.

కొడుకు మామాకి ఫోన్‌లో వీడియో పెట్టాడు. అట్టపెట్టె ఖాళీగా తీసుకెళ్ళడం నాకు నచ్చలేదు. దుప్పటి మడతపెట్టి తీసేసి, ఇరవై ఆరు గుడ్లు, ఫగాలో రెండు కిలోలు పెట్టి ఇచ్చాను. గుడ్లు కడగబోయి ఆగాను. గడ్డి అంటుకుని ఉన్నవి ఉన్నట్టే పెట్టాను.

నోటుబుక్కులో రాశాను: మార్చి ఐదు, ఆదివారం, నాలుగూ ముప్పై ఐదు, తల్లి చేర్చుకుంది. ఆ పేజీ పైన ఎర్ర గుండ్రం చుట్టిన మార్చి రెండు ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన మూడు అని రాసి, తమ్ముడికి చూపించాను. ఈసారి చూశాడు.